జీను కిందిదా, జీను మీదిదా, గుర్రం మీదిదా? పాతకాలపు గుర్రాల గుడ్డల గురించి

1. వన్‌టౌన్ దర్జీ

సభ్యులందరికీ నమస్కారం. నేను విజయవాడ వన్‌టౌన్‌లో పాతికేళ్లుగా కుట్టుపని చేస్తున్నాను. పెళ్లి ఊరేగింపులో పెళ్లికొడుకు ఎక్కే గుర్రానికి మఖమలు గుడ్డలు కుట్టడం, ఉత్సవాలప్పుడు అశ్వవాహనం మీద కప్పే పట్టుగుడ్డలకు సరిగ అంచు వేయడం నాకు అలవాటైన పనులే. మొన్న గుంటూరు నుంచి ఒక నాటక సమాజం వారు వచ్చారు. 1515లో శ్రీకృష్ణదేవరాయలు కొండవీటి కోటను గజపతుల చేతి నుంచి తీసుకున్న ఘట్టాన్ని ఆరుబయట ప్రదర్శిస్తామనీ, అందులో నిజమైన గుర్రాలే రెండు నడుస్తాయనీ, వాటికి ఆ కాలపు పద్ధతిలో గుడ్డలు కుట్టి ఇవ్వాలనీ అడిగారు.

వారు ఫోనులో చూపించిన బొమ్మలో గుర్రానికి గిట్టల దాకా గుడ్డ వేలాడుతోంది, ముఖానికి కూడా ముసుగు వేసి కళ్ల దగ్గర రెండు కన్నాలు పెట్టారు. అదే పద్ధతి కాబోలనుకుని, మెడ మొదలుకొని తోక దాకా ఒకే ముక్కగా ఒక నమూనా కుట్టాను. గుర్రం యజమాని దాని మీద జీను వేసి బిగించాడు. వంద అడుగులు నడిచిందో లేదో గుడ్డ వెనక్కి జారి, జీను కింద ముడతలు పడి, గుర్రం ఇక కదలనని నిలబడిపోయింది. జీను తీసి చూస్తే భుజాల పైన వెంట్రుకలు ఊడి, చర్మం ఎర్రగా కమిలి ఉంది. మూగజీవాన్ని బాధపెట్టానే అని ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

ఇంతకీ నా సందేహం ఒక్కటే. ఆ రోజుల్లో ఈ అలంకారపు గుడ్డను జీను కింద వేసేవారా, జీను మీద వేసేవారా? తెలిసిన వారు దయచేసి వివరంగా చెప్పగలరు.

2. కొండవీటి బాట

దర్జీ గారికి నమస్కారం. గుంటూరులో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన వాణ్ణి కనుక మీ ప్రశ్నలో చరిత్ర భాగం వరకు నేను చెబుతాను. మీకు చూపించిన బొమ్మ మన దేశానిది కాదు. అది ఐరోపాలో 13, 14 శతాబ్దాల నాటి రౌతు గుర్రం. కృష్ణదేవరాయల గుర్రాన్ని ఆ వేషంలో నిలబెడితే కొండవీటి కోటగోడలే నవ్వుతాయి.

రాయల కాలపు గుర్రాల అలంకారం గురించి మనకు మంచి సాక్ష్యమే ఉంది. 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, మహర్నవమి ఉత్సవాలలో తాను చూసిన అశ్వసేనను చాలా ఓపికగా వర్ణించాడు. గుర్రాల నుదుటికి పలకలు కట్టారనీ, వాటిలో కొన్ని వెండివి, ఎక్కువ భాగం బంగారు పూత పూసినవనీ, వాటికి రంగురంగుల పట్టుదారాలను పేనిన కుచ్చులు వేలాడుతున్నాయనీ, పగ్గాలు కూడా ఆ పట్టుదారాలవేననీ రాశాడు. గుడ్డల విషయానికి వస్తే కొన్నిటికి మక్కా నుంచి వచ్చే రంగురంగుల మఖమలు, కొన్నిటికి సాటిన్, డమాస్కు పట్టు, మరికొన్నిటికి చైనా, పర్షియా దేశాల జరీ పట్టు వేశారట. కొన్ని గుర్రాల నుదుట పాము తలలూ, ఇతర జంతువుల తలలూ అమర్చారని కూడా అంటాడు. దర్జీ గారూ, ఈ పాము తల మీకు పనికివచ్చే వివరం. గుడ్డకు పెట్టే ఖర్చులో పదోవంతు పెట్టినా జనం కళ్లన్నీ దాని మీదే ఉంటాయి.

గుర్రానికి ఇంత హంగు ఎందుకంటే అది సముద్రం దాటి వచ్చిన సరుకు. రాయలవారు ఏటా పర్షియా సింధుశాఖలోని హొర్ముజ్ రేవు గుర్రాలు 13,000 కొనేవారని 1535 ప్రాంతంలో నూనిజ్ అనే మరో పోర్చుగీసు వ్యాపారి రాశాడు. అంతకు నూరేళ్ల ముందే మన కొండవీటి రెడ్ల కాలంలో శ్రీనాథుడు హరవిలాసంలో అవచి తిప్పయసెట్టిని పొగుడుతూ, ఆయన తెప్పించిన సరుకులలో ‘హురుమంజి బలుతేజి’ గుర్రాలను చెప్పి, అదే పద్యంలో చీనాంబరాలను కూడా చెప్పాడు. హురుమంజి అంటే ఆ హొర్ముజే. గుర్రమూ, దాని మీద వేసే పట్టూ ఒకే వర్తకుడి ఓడల్లో దిగాయని ఊహించుకోవడం నాకు ఎప్పుడూ సరదాగా ఉంటుంది.

3. మినియేచర్ పిచ్చి

కొండవీటి బాట గారు చెప్పినది సరైనదే గానీ, దర్జీ గారు అడిగిన ప్రశ్నకు జవాబు ఇంకా రాలేదు. అసలు చిక్కు ఏమిటంటే, మనం ‘గుర్రం మీది గుడ్డ’ అని ఒకే మాటతో మూడు వేర్వేరు వస్తువులను పిలుస్తున్నాము. పాత వర్ణచిత్రాలను చూసేటప్పుడు నేను మొదట వెతికేది ఇదే.

మొదటిది జీను కింద వేసేది. దీని పని చెమట పీల్చడం, రాపిడి తగ్గించడం. ఇది ఎక్కువగా ఉన్నిని నానబెట్టి, తొక్కి, నేయకుండా తయారుచేసే నమ్దా. రష్యాలోని ఆల్తాయ్ కొండలలో పాజిరిక్ అనే చోట క్రీస్తుకు పూర్వపు సమాధులు మంచులో గడ్డకట్టి బయటపడ్డాయి. వాటిలో యజమానితో పాటు పాతిపెట్టిన గుర్రాలకు వేసిన నమ్దా గుడ్డలు, రంగులు కూడా చెదరకుండా దొరికాయి. ఐదవ సమాధిలోని ఒక గుడ్డకు చైనా పట్టు తొడిగి, దాని మీద కొమ్మలూ పక్షులూ కుట్టారు. ఇప్పుడవి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటాజ్ మ్యూజియంలో ఉన్నాయి. అంటే కిందిగుడ్డ అయినంత మాత్రాన అది ముతకది కానక్కరలేదు. జీను అంచు దాటి కనబడే మేరకు దానికీ సింగారం చేసేవారు.

రెండవది జీను మీద కప్పేది. పారశీకంలో దీన్ని జీన్‌పోష్ అంటారు. రౌతు దిగి ఉన్నప్పుడు జీనుకు ఎండా దుమ్మూ తగలకుండా కప్పి ఉంచేందుకు పుట్టిన ఈ గుడ్డ, పోను పోను పెద్ద గౌరవచిహ్నమైంది. ఈజిప్టు మమ్లూకు సుల్తానుల ఊరేగింపులో బంగారు పని చేసిన జీను కప్పును, గుర్రం మీద కాకుండా, ఒక సేవకుడు చేతులతో పైకెత్తి కుడికీ ఎడమకూ తిప్పి చూపుతూ సుల్తాను ముందు నడిచేవాడు. దాని పేరు గాషియా. అంతకు ముందు సెల్జూకు తురుష్కుల కాలంలో సామంతుడు తన ప్రభువు గాషియాను తానే మోసి విధేయతను ప్రకటించే ఆచారం ఉండేది. గుర్రంతో పని లేకుండా దాని జీను కప్పు ఒక్కటే రాజ్యాధికారానికి గుర్తు కావడం ఎంత విచిత్రమో చూడండి!

మూడవది గుర్రం ఒంటి మీదంతా కప్పేది. మీకు చూపించిన బొమ్మలోది ఇదే. ఇది జీనుకు కిందా కాదు, మీదా కాదు. జీను ఉన్న చోట దీనికి ఖాళీ ఉంటుంది. మీ నమూనా దెబ్బతిన్నది సరిగ్గా ఇక్కడే.

సిరియాలోని దూరా యూరోపాస్ తవ్వకాలలో, క్రీ.శ. 3వ శతాబ్దం నాటి గుర్రపు కవచాలు దొరికాయి. నారగుడ్డ మీద లోహపు పొలుసులను వరుసలు వరుసలుగా కుట్టిన దుప్పటి వంటివి అవి. నడివీపు మీద, జీను వచ్చే చోట, కోడిగుడ్డు ఆకారంలో గుడ్డ కత్తిరించేశారు. 1,700 ఏళ్ల కిందటి దర్జీకి కూడా మీకు వచ్చిన చిక్కే వచ్చి ఉంటుంది.

4. వన్‌టౌన్ దర్జీ

మినియేచర్ పిచ్చి గారూ, మీ చివరి మాట చదివి కత్తెర కింద పెట్టి కాసేపు అలాగే కూర్చున్నాను. జీను దగ్గర ఖాళీ వదలాలన్న ఊహే నాకు తట్టలేదు, ఎందుకంటే పెళ్లి గుర్రాలకు మేము కుట్టే గుడ్డ జీను మీదుగా వెళుతుంది, పెళ్లికొడుకు దాని మీదే కూర్చుంటాడు. గంటసేపు నడిచే ఊరేగింపుకు అది సరిపోతుంది. రౌతు దౌడు తీయాలంటే అది పనికిరాదని ఇప్పుడు అర్థమైంది.

5. నిఘంటువు పురుగు

మాటల సంగతి కొంచెం చెబుతాను, విషయం దాటి పోనని హామీ ఇస్తున్నాను.

జీను పారశీకం నుంచి వచ్చిన మాట. అంతకు ముందు మనకు పల్యాణం ఉంది, అది సంస్కృత పర్యాణానికి రూపాంతరం. రౌతు కాలు పెట్టే దానికి రికాబు అనే మాట తరువాత వచ్చింది, మన పాత మాట అంకవన్నె. ఇక ఈ చర్చకు అన్నిటికంటె ముఖ్యమైనది పక్కెర. పాత కావ్యాలలో గుర్రానికి పక్కెర వేశారంటే జీను అనీ, ఒంటికి తొడిగిన కవచం అనీ రెండర్థాలూ వస్తాయి. హిందీలో పాఖర్ అన్నది దీని తోబుట్టువే. ఒకే మాట జీనుకూ కవచానికీ చెల్లిందంటే, మినియేచర్ పిచ్చి గారు విడదీసిన మూడు వస్తువులను మన పూర్వులు కూడా అప్పుడప్పుడూ కలగలిపేశారన్న మాట.

అమరకోశంలో ప్రవేణి, ఆస్తరణం, వర్ణం, పరిస్తోమం, కుథం అని వరుసగా చెప్పినవి ఏనుగు వీపు మీద పరిచే చిత్రవర్ణపు గుడ్డకు పేర్లు. ఏనుగు గుడ్డకు ఇన్ని పేర్లున్నాయి. హిందూస్థానీలో ఏనుగుకైనా గుర్రానికైనా వేసే అలంకారపు గుడ్డ ఝూల్. తెలుగులో జూలు అనగానే మనకు మెడ మీది వెంట్రుకలే గుర్తుకు వస్తాయి కనుక, నాటక సమాజం వారితో ‘జూలు కుట్టాను’ అని మాత్రం అనకండి, విగ్గు కుట్టారనుకుంటారు.

మరొకటి. గుర్రం తల మీద నిలబెట్టే ఈకల కుచ్చుకు కల్గీ, తుర్రా అని రెండు పారశీక మాటలు. ఆ రెండూ కలిసి మన కలికితురాయి అయ్యాయి. ఇప్పుడది పొగడ్తలలో తప్ప వినబడటం లేదు. మీరు నిజంగా ఒక కలికితురాయిని తయారుచేసే అరుదైన అవకాశంలో ఉన్నారు.

6. పశువుల డాక్టరు

గుంటూరు జిల్లాలో పశువైద్యం చేస్తున్నాను, గుర్రాలను కూడా చూస్తుంటాను. చరిత్ర నాకు తెలియదు కానీ ఆ కమిలిన చోటు గురించి చెప్పక తప్పదు.

దర్జీ గారూ, మెడ వీపుతో కలిసే చోట ఎముకలు ఎత్తుగా ఉంటాయి, మేము దాన్ని విదర్స్ అంటాము. అక్కడ చర్మానికీ ఎముకకూ మధ్య కండ దాదాపు ఉండదు. గుడ్డ బిగుతుగా అక్కడ లాగి పట్టినా, ముడత పడినా ఆ భాగానికి రక్తం అందక చర్మం చెడిపోతుంది. మానిన తరువాత కూడా అక్కడ తెల్ల వెంట్రుకలే మొలుస్తాయి. ఏళ్ల తరబడి ఊరేగింపులకు తిప్పిన గుర్రాల వీపు మీద రూపాయి బిళ్లంత తెల్లమచ్చలు మీరు చూసే ఉంటారు, అవి పుట్టుమచ్చలు కావు. మీ గుర్రానికి ఆ కమిలినది పూర్తిగా మానే దాకా జీను వేయవద్దని యజమానికి గట్టిగా చెప్పండి.

జీను కింద వేసే గుడ్డకు మధ్యలో అతుకు ఉండకూడదు, కుట్టు ముడి అసలే ఉండకూడదు. జీను వేసిన తరువాత గుడ్డను మధ్యలో వేలితో పైకి లాగి, జీను వంపులోకి ఎత్తి పెట్టాలి. అప్పుడు వెన్నుపూస మీద గాలి ఆడుతుంది. గుడ్డను ముందుగా కొంచెం మెడ వైపు వేసి, వెంట్రుకలు వాలిన దిశలో వెనక్కి జరపాలి, వెనక నుంచి ముందుకు లాగితే వెంట్రుకలు ఎదురు తిరిగి గుచ్చుకుంటాయి.

ఇక ఎండ. గుర్రం మనలాగే ఒళ్లంతా చెమట పట్టి, ఆ చెమట ఆరడంతో చల్లబడే జంతువు. దాని మామూలు ఒంటి వేడి 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్. బెజవాడ ఎండలో మఖమలుతో ఒళ్లంతా కప్పి నడిపిస్తే చెమట ఆరే దారి ఉండదు. ప్రదర్శన ఏ నెలలోనో, ఏ వేళలోనో మీరు చెప్పలేదు. సూర్యాస్తమయం తరువాతే పెట్టుకోమని నా సలహా. ముఖానికి ముసుగు మాత్రం వద్దు. గుర్రానికి కళ్లు తలకు పక్కల ఉంటాయి కనుక దాదాపు చుట్టూ చూడగలదు. దానికి రెండు కన్నాల ముసుగు వేస్తే ఆ చూపు పోతుంది, డప్పుల మోతలో బెదిరిన గుర్రాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు.

7. మినియేచర్ పిచ్చి

డాక్టరు గారు చెప్పిన ముసుగు సంగతికి అనుబంధంగా ఐరోపా గుడ్డ గురించి కొంచెం చెబుతాను, ఎందుకంటే కుట్టుపని తీరులో అందులో నేర్చుకోదగినది ఉంది.

ఇంగ్లండు మీద నార్మన్ల దండయాత్రను చూపే 11వ శతాబ్దపు బాయూ కుట్టుపటంలో నార్మన్ రౌతుల గుర్రాల ఒంటి మీద గుడ్డే లేదు. 12వ శతాబ్దం చివరి నుంచి ఈ పొడవాటి గుడ్డలు కనబడతాయి. రౌతు ముఖం శిరస్త్రాణంలో దాగిపోవడం మొదలైన కాలమూ దాదాపు అదే. ముఖం కనబడనప్పుడు మనిషిని గుర్తుపట్టడానికి వంశచిహ్నాన్ని డాలు మీదా, చొక్కా మీదా, గుర్రం గుడ్డ మీదా వేసుకున్నారు. 1320 తరువాత ఇంగ్లండులో తయారైన లట్రెల్ కీర్తనల చేతిరాత పుస్తకంలో దాని యజమాని సర్ జెఫ్రీ లట్రెల్ గుర్రం మీద కూర్చుని ఉంటాడు, భార్యా కోడలూ శిరస్త్రాణాన్నీ డాలునూ అందిస్తుంటారు. గుర్రం గుడ్డ నిండా నీలిరంగు మీద తెల్లని పిట్టలు, అవే పిట్టలు ఆ స్త్రీల దుస్తుల మీద కూడా ఉంటాయి.

ఆ గుడ్డ సాధారణంగా రెండు ముక్కలు. ఒకటి తల, మెడ, రొమ్ము కప్పుతుంది. రెండవది జీను వెనక నుంచి పిరుదులను కప్పుతుంది. రెండింటి మధ్యా జీను ఉంటుంది. రెండు ముక్కలు కాబట్టి ముందుకాళ్ల కదలిక వెనక ముక్కను లాగదు. మీ నమూనా జారిపోవడానికి కారణం అది ఒకే ముక్క కావడమే అని నా అనుమానం.

అసలు గుడ్డలు మిగలడం చాలా అరుదు. పారిస్‌లోని క్లూనీ మ్యూజియంలో ఎర్ర మఖమలు మీద బంగారు తీగతో చిరుతలను కుట్టిన 14వ శతాబ్దపు ఇంగ్లీషు పని ఒకటి ఉంది. అది ఇంగ్లండు రాజు మూడవ ఎడ్వర్డు గుర్రపు గుడ్డ అని పండితులు భావిస్తారు. తరువాత దాన్ని ముక్కలు కోసి చర్చిలో గురువులు వేసుకునే వస్త్రంగా తిరిగి కుట్టారు. గుర్రం మీదే ఉండి ఉంటే చెమటకూ చినుకుకూ ఎప్పుడో చివికిపోయేది, గుడి చేరింది కనుక మిగిలింది. మన ఊళ్లలో కూడా పాత పట్టుచీరలు దేవుడి పల్లకీకి తెరలుగా మారి నూరేళ్లు బతకడం మీరు చూసే ఉంటారు.

8. కొండవీటి బాట

మినియేచర్ పిచ్చి గారి వివరణ చదివి దర్జీ గారు మళ్లీ గిట్టల దాకా కుట్టేస్తారేమోనని భయపడుతున్నాను. పేస్ కూడా గుర్రాలకు ఒళ్లంతా గుడ్డలు తొడిగారనే అర్థం వచ్చేలా రాశాడు, నిజమే. కానీ అతడు పోర్చుగల్ నుంచి వచ్చినవాడు, తన దేశంలో గుర్రపు గుడ్డకు ఉన్న మాటనే ఇక్కడి దానికీ వాడి ఉంటాడు. ఆ మాటను పట్టుకుని కొలతలు తీయకూడదు.

కొలతకు రాతిని నమ్మాలి. హంపిలో హజార రామాలయం ప్రాకారపు గోడ బయటివైపు ఏనుగులు, గుర్రాలు, కాల్బలం, నాట్యకత్తెలు వరుసల మీద వరుసలుగా నడుస్తుంటారు. ఆ వరుసలలో గుర్రాల కాళ్లు విడివిడిగా కనబడతాయి, గుడ్డ కాళ్లను మింగేయదు. మహర్నవమి దిబ్బ మీద కూడా గుర్రాలను నడిపించుకు వస్తున్న పరదేశీయుల శిల్పాలున్నాయి. శ్రీరంగంలో శేషరాయ మండపం స్తంభాలకు ముందుకాళ్లెత్తి లేచిన గుర్రాలను చూసినవారికి, మెడ పట్టీలూ రొమ్ము పట్టీలూ కుచ్చులూ ఎంత వివరంగా చెక్కారో వేరే చెప్పనక్కరలేదు. రాయలనాటి అలంకారంలో బరువంతా నుదురు, మెడ, రొమ్ము దగ్గర ఉందని నా అభిప్రాయం.

మన పక్కనే ఉన్న అమరావతి శిల్పాలలోని కంథకాన్ని కూడా గుర్తు చేసుకోండి. సిద్ధార్థుడు ఇల్లు విడిచే ఘట్టాన్ని చూపే కొన్ని శిల్పాలలో గుర్రం మీద ఎవరూ ఉండరు, కానీ ఆ ఖాళీ వీపు మీద గొడుగు పడతారు. ఆ శిల్పాలలో అంకవన్నె కనబడదు. పాదమంతా పెట్టే లోహపు అంకవన్నె మన దేశానికి తరువాత వచ్చిన వస్తువు.

ఒక చిన్న ముచ్చట చెప్పి ఆపుతాను. కృష్ణదేవరాయలు, ఇంగ్లండు ఎనిమిదవ హెన్రీ ఇద్దరూ 1509లోనే సింహాసనం ఎక్కారు. 1511లో హెన్రీ కొడుకు పుట్టిన సంబరంలో జరిపిన వెస్ట్‌మిన్‌స్టర్ గుర్రపు ఈటెపోటీల చిత్రపటం నేటికీ ఉంది. అందులో రాజు గుర్రపు గుడ్డ నిండా రాణి పేరులోని మొదటి అక్షరం బంగారంతో కుట్టి ఉంటుంది. మరో నాలుగేళ్లకు మన రాయలు కొండవీడు ఎక్కాడు. దర్జీ గారూ, మీకు చూపించిన బొమ్మ పూర్తిగా వేరే యుగానిదేమీ కాదు, వేరే లోకానిది.

9. పెడన అచ్చు

అన్నగార్లకు నమస్కారం. మాది పెడన, మా ఇంట్లో మూడు తరాలుగా కలంకారీ అచ్చుపని. ఇంతసేపూ ఆకారం గురించే మాట్లాడారు, గుడ్డ రకం గురించి ఎవరూ అనుకోలేదు.

మఖమలు ఫోటోలో బాగుంటుంది, చెమట తాగితే రెండింతల బరువవుతుంది, దాని నూగు గుర్రం వెంట్రుకలను పట్టి ఉంచుతుంది. పైముక్కకు మఖమలు వాడినా అస్తరు మాత్రం నూలుదే వేయండి, ఉతికి గంజి పోగొట్టిన నూలు. రంగు దిగే అస్తరు వేస్తే తెల్లగుర్రం సాయంత్రానికి గులాబీ గుర్రం అవుతుంది. మా ఎరుపుకు పూర్వం చిరివేరు వాడేవారు. యూరోపియన్లు పెటపోలి అని పిలిచిన నిజాంపట్నం చుట్టుపక్కల దొరికే వేరుకు మంచి పేరుండేదని మా పెద్దలు చెప్పేవారు. ఆ ఎరుపు ఎన్ని ఉతుకులకూ దిగదు. ఇప్పటి రంగులను నమ్మకుండా, ఒక ముక్కను ఉప్పునీళ్లలో రాత్రంతా నానబెట్టి, తెల్లగుడ్డ మీద పిండి చూడండి.

దూది పెట్టి బొంతకుట్టు వేయాలని అనుకుంటే అది కూడా పాత పద్ధతే. అబుల్ ఫజల్ అయినె అక్బరీలో అక్బరు గుర్రాలకు ఇచ్చే సామగ్రిని చెబుతూ, దూది కూరిన అర్తక్ అనే దుప్పటినీ, మెడ మీది జూలుకు కప్పే యాల్‌పోష్‌నూ పేర్కొన్నాడు. సూడాన్ ప్రాంతపు రౌతులు 19వ శతాబ్దం చివరి దాకా గుర్రాలకు బొంతలే కవచాలుగా వేశారు. 1898లో ఓమ్‌దుర్మాన్ యుద్ధం తరువాత తీసుకువెళ్లిన అలాంటి బొంత ఒకటి బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. రంగురంగుల నూలు ముక్కలను అతికి, లోపల బూరుగుదూది కూరారు. మనం దిండ్లకు పెట్టుకునే బూరుగుదూదితో అక్కడ ఈటెపోటును ఆపారు.

10. పశువుల డాక్టరు

అమ్మా, అస్తరు గురించి మీరు చెప్పినది నూటికి నూరుపాళ్లు సరైనది. బొంత మాత్రం ఈ ప్రదర్శనకు వద్దు. చలికాలపు తెల్లవారుజామున అయితే ఆలోచించవచ్చు.

11. నిఘంటువు పురుగు

పెడన అచ్చు గారి యాల్‌పోష్‌తో నా అయిదవ టపాకు మంచి ముగింపు దొరికింది. యాల్ అంటే గుర్రం మెడ మీది జూలు. అంటే ఇది జూలుకు వేసే ఝూల్.

12. వన్‌టౌన్ దర్జీ

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మూడు వారాలుగా ఇక్కడికి రాలేకపోయాను, గుర్రం వీపు మానే దాకా కొలతలు తీసుకోవడానికి కూడా దాని దగ్గరకు వెళ్లలేదు. డాక్టరు గారు చెప్పినట్లు ప్రదర్శనను రాత్రి ఏడు గంటలకు మార్చుకునేందుకు నాటక సమాజం వారు ఒప్పుకున్నారు. గిట్టల దాకా గుడ్డ లేదంటే మొదట ముఖాలు ముడుచుకున్నారు గానీ, కొండవీటి బాట గారి పాము తల సంగతి చెప్పగానే సర్దుకున్నారు.

ఇప్పుడు కుట్టినది ఇలా ఉంది. జీను కింద అతుకులేని గొంగళిని రెండు మడతలుగా వేశాను, దానికి అంచు కుట్టు తప్ప మరే కుట్టూ లేదు. అలంకారపు గుడ్డ రెండు ముక్కలు. ముందు ముక్క మెడ మొదలులో పుట్టి రొమ్ము మీద కలుస్తుంది, అక్కడ నాడాలతో ముడివేస్తాము. వెనక ముక్క జీను వెనక రెండు ఇత్తడి కొక్కేలకు తగులుకుంటుంది, తోక బయటికి రావడానికి చీలిక పెట్టాను, పక్కలకు మోకాలి ఎత్తుకు జానెడు పైనే ఆగిపోతుంది. పైన ముదురు ఎరుపు మఖమలు, లోపల పెడన నూలు అస్తరు. ఉప్పునీళ్ల పరీక్షలో మొదట తెచ్చిన తాను ఓడిపోయింది, రెండవది నిలిచింది. ముసుగు లేదు. నుదుటికి తోలు మీద బంగారు రేకు అతికించిన పలక, దానికి అయిదు రంగుల పట్టుదారాలు పేనిన కుచ్చులు, పైన కలికితురాయి. పాము తలను మాత్రం కొండపల్లి బొమ్మల పనివారొకరు పొణికి కర్రతో చెక్కి ఇచ్చారు, చేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు.

నిన్న తెల్లవారుజామున కృష్ణ ఒడ్డున అరగంట నడిపించి చూశాము. గుడ్డ జారలేదు. జీను తీశాక డాక్టరు గారు ఫోనులో గుర్రం వీపు మీద చెమట మరకను చూపించమన్నారు. రెండు పక్కలా సమానంగా తడిసి ఉంటే బరువు సమానంగా పడినట్లనీ, తడి మధ్యలో పొడిగా మిగిలిన చోటు ఉంటే అక్కడ ఏదో నొక్కుతున్నట్లనీ వివరించారు. కుడిపక్క బాగానే ఉంది. ఎడమపక్క తడి మధ్యలో ఉసిరికాయంత పొడిచుక్క కనబడింది. గొంగళిని తిరగేసి వేలితో తడిమితే, అంచు కుట్టు ముగించిన చోట నేను వేసిన దారపు ముడి మడతలో లోపలికి చేరి ఉంది. విప్పేసి, ఆ కొసను బయటి మడతలోకి తిప్పి మళ్లీ కుట్టాను.